కొడుకు పంచన ఉండడమే గౌరవమా?

"ఇద్దరు కొడుకులుండంగ ఆశ్రమానికి పోవుడేంది? నలుగురు నవ్వరా?"

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా, తమ ఈడువాళ్ళతో కలిసి ఉండే చోటుకు పోదామని ముసలి దంపతులు నోరు తెరవగానే ఎదురయ్యే మాట ఇది. ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కన్నవాళ్ళ మీద గౌరవంతోనే అంటున్నామని నమ్ముతారు. ఏటా అక్టోబర్ 1న, వృద్ధుల దినోత్సవం నాడు, వేదికలెక్కిన పెద్దలు కూడా ఇదే చెబుతారు. వృద్ధాశ్రమాలు లేని సమాజం రావాలంటారు. ప్రతి తల్లీ తండ్రీ కొడుకు ఇంట్లోనే కన్నుమూయాలంటారు. చప్పట్లు పడతాయి, శాలువాలు కప్పుతారు, సభ ముగుస్తుంది.

ఈ అభిప్రాయం తప్పు. అంతకన్నా ముఖ్యంగా, ఇది ముసలివాళ్ళ ఆరోగ్యానికి హాని చేస్తోంది. పరువు పేరుతో వేలమందిని ఒంటరి గదుల్లో కూర్చోబెడుతోంది. తమ ఈడు మనుషుల నడుమ, తమదైన గడప వెనుక, తమ చేతిలో తాళంచెవితో బతికే అవకాశం ప్రతి పెద్దమనిషికీ ఉండాలి. అలాంటి చోట బతకడం ఒంటికీ మనసుకూ మేలు చేస్తుంది. దాన్ని అవమానంగా చూసే అలవాటును మనం వదులుకోవాలి. నా వాదన ఇంతే.

కొడుకు ఇంట్లోనే ఉండాలన్నది వాళ్ళ మొదటి వాదన. ముందు, అందరూ చెప్పే ఆ కొడుకు ఇల్లు ఎక్కడుందో చూద్దాం. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ వైపు పల్లెల్లో, అటు నిర్మల్, ఖానాపూర్ వైపు పల్లెల్లో కొడుకు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో సౌదీలోనో ఉంటాడు. కోడలు పిల్లల ఇంగ్లిష్ మీడియం చదువు కోసం జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో కిరాయి ఇంట్లో ఉంటుంది. సిరిసిల్ల నేత కుటుంబాల నుంచి ఎందరో భీవండికి, సూరత్‌కు వలసపోయారు. చదువుకున్నవాళ్ళ పిల్లలు హైదరాబాద్ కూడా దాటి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డారు. ఊళ్ళో మిగిలింది గల్ఫ్ పైసలతో కట్టిన రెండంతస్తుల స్లాబు ఇల్లు. పై గదులకు తాళాలు. కింద ముందు గదిలో ఒక అవ్వ.

ఆ అవ్వ పొద్దున ఒక్కసారి బియ్యం పెడుతుంది. పగలు పచ్చిపులుసుతో తింటుంది, రాత్రి అదే అన్నంలో ఇంత తొక్కు వేసుకుంటుంది. ఒక్క ప్రాణానికి కూర వండుకోబుద్ధి కాదు. బీపీ గోలీ వేసుకున్నదో లేదో ఆమెకే గుర్తుండదు. రాత్రి ఎనిమిదింటికి కొడుకు వీడియో కాల్ చేస్తాడు. "తిన్నవా అవ్వా?" "తిన్న బిడ్డా." "గోలీలు ఏసుకున్నవా?" "ఏసుకున్న." కొడుకు మనసు నిమ్మళమవుతుంది. ఫోన్ పెట్టేశాక మళ్ళీ రేపు రాత్రి దాకా ఆమెను పేరుపెట్టి పలకరించే మనిషి ఉండదు. ఈమె ఆశ్రమంలో లేదు కాబట్టి ఊరి లెక్కలో ఆమె గౌరవంగా బతుకుతున్నట్టే. ఇలాంటి ఇళ్ళు వాడకు రెండు మూడు ఉన్న ఊళ్ళు మనకు కొత్త కాదు.

కొడుకులు ఊళ్ళోనే ఉన్న చోట ఇంకో ఏర్పాటు నడుస్తుంది. వంతులు. నెల రోజులు పెద్దోని ఇంట్ల, నెల రోజులు చిన్నోని ఇంట్ల. కొన్నిచోట్ల తల్లి ఒకరి వంతు, తండ్రి ఒకరి వంతు. నలభై యాభై ఏళ్ళు ఒక్క కంచం దగ్గర తిన్న ఇద్దరిని, కాళ్ళు ఆడని వయసులో, పాలివాళ్ళు భూమి పంచుకున్నట్టు పంచుకుంటారు. ఎన్టీ రామారావు, అంజలీదేవి నటించిన 'బడి పంతులు' సినిమా వచ్చింది 1972లో. ముసలి దంపతులను కొడుకులు విడదీసి ఉంచుకునే కథకు తెలుగువాళ్ళంతా కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్ళకు కారణం ఆశ్రమం కాదు, కొడుకుల ఇళ్ళు. యాభై ఏళ్ళు దాటినా ఆ సంగతిని మనం సరిగా చదువుకోలేదు.

ఊళ్ళల్లో ఆసరా పింఛన్ ఇచ్చే రోజు ఒకసారి గ్రామపంచాయతీ దగ్గర నిలబడి చూడండి. డబ్బులు పంచే మనిషి పది పదకొండు దాటితే గానీ రాడని అందరికీ తెలుసు. అయినా ఎనిమిదింటికే అరుగు నిండిపోతుంది. కర్ర పొడుచుకుంటూ ఒకరు, మనవడి బండి మీద ఒకరు, కొంగులో పింఛన్ పుస్తకం ముడేసుకుని ఒకరు. మిషన్ దగ్గర ఎంతసేపు ఆగాల్సి వచ్చినా ఎవరూ విసుక్కోరు. డబ్బులు చేతిలో పడ్డాక కూడా చాలామంది లేవరు. మోకాళ్ళ నొప్పుల గురించి, చచ్చిపోయిన ఈడువాళ్ళ గురించి, ఈసారి వానల గురించి మాట్లాడుకుంటూ ఎండెక్కేదాకా కూర్చుంటారు. వాళ్ళు ఆ రోజు తీసుకెళ్ళేది పింఛన్ ఒక్కటే కాదు. నెలలో ఒక్కరోజు దొరికే ఆ సాంగత్యం రోజూ ఎందుకు దొరకకూడదని అడగడమే నేను చేస్తున్న పని.

ఇది భావుకత అనుకునేవాళ్ళ కోసం కొన్ని లెక్కలు చెబుతాను. 2010లో అమెరికా పరిశోధకురాలు జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్, ఆమె సహచరులు 148 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. వాటిలో మూడు లక్షల మందికి పైగా ఉన్నారు. చుట్టూ మనుషులు, గట్టి సంబంధాలు ఉన్నవాళ్ళు ఆ అధ్యయన కాలం చివరికి బతికి ఉండే అవకాశం, లేనివాళ్ళతో పోలిస్తే 50 శాతం ఎక్కువని తేలింది. 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి విడుదల చేసిన ప్రకటన ప్రకారం, సామాజిక సంబంధాలు కొరవడితే గుండెజబ్బు ముప్పు 29 శాతం, పక్షవాతం ముప్పు 32 శాతం పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2025లో ఇచ్చిన నివేదిక ఒంటరితనంతో ముడిపడిన మరణాలను ఏడాదికి 8 లక్షల 71 వేలుగా అంచనా వేసింది. అంటే గంటకు వంద. బీపీకి గోలీ ఉంది, షుగర్‌కు గోలీ ఉంది. ఈ జబ్బుకు మందు పక్కన ఇంకో మనిషి ఉండడమే.

ఒంటరితనం ఒంటి మీద ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి డాక్టర్ చదువు అక్కర్లేదు. ఒంటరిగా తినే మనిషి తక్కువ తింటుంది. పప్పు, గుడ్డు, పాలు తగ్గుతాయి. కండ కరుగుతుంది. కండ కరిగిన కాలు బాత్‌రూమ్‌లో తడి బండ మీద జారుతుంది. ప్రపంచవ్యాప్తంగా ఏటా 6 లక్షల 84 వేల మంది కిందపడి చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే. తుంటి ఎముక విరగడం ఒక ఎత్తు. విరిగాక ఎంతసేపటికి ఎవరు చూశారన్నది అంతకు మించిన ఎత్తు. పాలబ్బాయి వచ్చేదాకా నేల మీద పడి ఉన్న మనిషికి, గోడ అవతల పక్కింటి ముసలాయన కేక విని పరుగెత్తుకొచ్చిన మనిషికి దక్కే బతుకు ఒక్కటి కాదు.

పది ఇళ్ళు దగ్గరగా, అందులో అందరూ ఒక ఈడువాళ్ళు ఉన్నచోట జరిగేది వేరు. పొద్దున నడకకు ఒకరు రాకపోతే ఇద్దరు వెళ్ళి తలుపు తడతారు. వారానికోసారి నర్సు వస్తే అందరూ వరుసగా కూర్చుని బీపీ చూపించుకుంటారు. నీకెంత, నాకెంత అని పోల్చుకుంటారు. ఉప్పు తగ్గించమని కోడలు చెబితే వినని మనిషి, పక్కింటాయనకు పక్షవాతం వచ్చింది చూసి తానే తగ్గిస్తాడు. నలుగురూ కలిసి తింటే నాలుగు కూరలు ఉంటాయి. మాట్లాడేవాళ్ళు ఉంటే చెవులు మందగించిన సంగతి బయటపడుతుంది, మతిమరుపు మొదలైన సంగతి మాటల్లోనే పట్టుబడుతుంది. జబ్బును ముందే పట్టే ఇలాంటి కళ్ళు ఏ ఆస్పత్రికీ ఉండవు.

ఇంగ్లండ్‌లో ఎక్స్‌ట్రాకేర్ అనే ధర్మసంస్థ నడిపే పెద్దల గ్రామాలను ఆస్టన్ విశ్వవిద్యాలయం కొన్నేళ్ళపాటు పరిశీలించింది. అక్కడ చేరిన ఏడాదికి వాళ్ళ వైద్యం మీద ప్రభుత్వ ఆరోగ్య సేవలకు అయ్యే ఖర్చు 38 శాతం తగ్గిందని 2015 నివేదికలో చెప్పింది. ఇక్కడ ఎదుటివాళ్ళు ఒక న్యాయమైన ప్రశ్న వేయవచ్చు: అలాంటి చోటికి వెళ్ళేవాళ్ళు మొదటి నుంచీ ఆరోగ్యంగా, చొరవగా ఉన్నవాళ్ళే అయి ఉండొచ్చు కదా? కొంతవరకు నిజమే. ఇష్టపడి వెళ్ళినవాళ్ళకు కలిగిన మేలు, బలవంతంగా దింపినవాళ్ళకు కలగకపోవచ్చు. అందుకే ఎవరినీ పంపాలని నేను అనడం లేదు. పోదామనుకునే మనిషిని ఆపవద్దని అంటున్నాను.

మన నేల మీద ఇది ఇప్పటికే రుజువైంది. సింగరేణి కంపెనీ కోల్ బెల్ట్‌ను చూడండి. గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, శ్రీరాంపూర్, మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చి బొగ్గుబాయిలో దిగిన మనుషులు క్వార్టర్లలో ముప్పై ఏళ్ళు ఒకే వరుసలో బతికారు. కులం వేరు, ఊరు వేరు, షిఫ్ట్ ఒకటి. నైట్ షిఫ్ట్ పోయినవాని ఇంటికి పక్కింటివాళ్ళే కాపలా. బాయిలో ప్రమాదం జరిగిందంటే వాడంతా బాయి గేటు దగ్గరే. పెళ్ళయినా చావయినా టెంట్ వేసేది క్వార్టర్ల ముందే, వడ్డించేది తోటి కార్మికులే. ఆరోగ్యానికి మేలు చేస్తుందని ప్రపంచం ఇవాళ లక్షలు పోసి కట్టుకుంటున్న కూడి బతికే జీవితం ఇదే.

ఆ కార్మికునికి అరవై ఒకటి నిండుతుంది. దండలు వేసి, శాలువా కప్పి పంపిస్తారు. క్వార్టర్ ఖాళీ చేయాలి. సామాను డీసీఎంలో ఎక్కించుకుని, ముప్పై ఏళ్ళ కింద విడిచిన ఊరికి పోతాడు. ఆ ఊళ్ళో ఆయన ఈడువాళ్ళలో సగంమంది లేరు, ఉన్నవాళ్ళకు ఈయన కొత్తమనిషి. భార్య పరిస్థితి ఇంకా కష్టం. ఆమె నేస్తాలు, ఆమె నల్లా దగ్గరి మాటలు, ఆమె బతుకమ్మ ఆట అన్నీ ఆ క్వార్టర్ల వాడలోనే ఉండిపోయాయి. ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము, అరిగిన మోకాళ్ళు, తగ్గిన వినికిడి. కంపెనీ ఆస్పత్రి గోదావరిఖనిలో, రామకృష్ణాపూర్‌లో, బెల్లంపల్లిలో ఉంటుంది. మనిషికి ఆస్పత్రి అవసరం మొదలయ్యే వయసులోనే ఆ ఆస్పత్రి నీడ నుంచి దూరంగా పంపేస్తున్నాం. మంచిర్యాలలో అంతమంది రిటైర్డ్ కార్మికులు అప్పోసప్పో చేసి ఇల్లు కట్టుకుని ఎందుకు ఆగిపోయారని ఎవరైనా ఆలోచించారా? తోటివాళ్ళు దగ్గరగా ఉంటారని, ఆస్పత్రికి రైలో బస్సో దొరుకుతుందని. ప్రభుత్వమూ కంపెనీ కూడా చేయని పనిని వాళ్ళు చేతనైనంతలో తామే చేసుకున్నారు.

బీడీలు చుట్టే ఆడవాళ్ళ సంగతి కూడా ఇంతే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల్లో లక్షలాది చేతులు బీడీ మీదే బతికాయి. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. వేపచెట్టు కిందనో అరుగు మీదనో పదిమంది గుండ్రంగా కూర్చుని చుడతారు. మాట ఆగదు, చేయి ఆగదు. కంటిచూపు తగ్గి, దగ్గు ఎక్కువై చాట పక్కన పెట్టిన రోజు ఆమెకు కూలీతో పాటు ఆ గుంపు కూడా పోతుంది. అప్పటిదాకా ఒక్కరోజు ఒంటరిగా గడపని మనిషిని తలుపు చాటు మంచానికి పరిమితం చేసి, ఇది కుటుంబ గౌరవం అంటున్నాం.

"ఇదంతా పాశ్చాత్యుల పద్ధతి, మన సంస్కృతి కాదు" అనేది రెండో వాదన. సంస్కృతి పేరెత్తేవాళ్ళు ఆ సంస్కృతినే పూర్తిగా గుర్తుచేసుకోవాలి. నాలుగు ఆశ్రమాల్లో మూడోది వానప్రస్థం. ఇంటి పెత్తనం పిల్లల చేతిలో పెట్టి పక్కకు తప్పుకోమని చెప్పింది మన పెద్దలే. కాశీవాసానికి పోయి తోటి ముసలివాళ్ళ మధ్య చివరి రోజులు గడిపినవాళ్ళను ఊరు దండం పెట్టి సాగనంపింది. వాళ్ళ కొడుకులను ఎవరూ తిట్టలేదు.

ఇక అసలు సంగతి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గర ఉండేది. ఇప్పుడు 70 దగ్గర ఉంది. అరవై చేరిన మనిషి ఇంకా సుమారు 18 ఏళ్ళు బతుకుతాడని అంచనా. అప్పట్లో ముసలితనం చూసేవాళ్ళు తక్కువ, చుట్టూ చూసుకునే చేతులు ఎక్కువ. అయిదారుగురు సంతానం, అందరూ ఆ ఊళ్ళోనే, ఆ పొలంలోనే. ఇప్పుడు ఒకరో ఇద్దరో సంతానం, వాళ్ళు వేల మైళ్ళ దూరంలో. 2022లో దేశ జనాభాలో 10.5 శాతం ఉన్న అరవై దాటినవాళ్ళు 2050 నాటికి 20.8 శాతం అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక చెప్పింది. ఇంత పొడుగు ముసలితనాన్ని మన పాత ఉమ్మడి కుటుంబం ఎన్నడూ మోయలేదు. ఎన్నడూ చేయని పనిని దాని నెత్తిన పెట్టి, అది మన సంస్కృతి అనడం న్యాయం కాదు.

పైగా ఈ సంస్కృతిని మోసేది ఎవరు? వేదిక మీద మాట్లాడే కొడుకు కాదు. కోడలు. మంచం మీది అత్తకు మూడు పూటలా తినిపించేది, బట్టలు మార్చేది, రాత్రి లేచేది ఆమె. తన తల్లి సిరిసిల్లలోనో ఆసిఫాబాద్‌లోనో ఒంటరిగా ఉన్నా పోయి చూసుకునే వీలు ఆమెకు ఉండదు. బడిలోనో ఆస్పత్రిలోనో బట్టల షాపులోనో పని చేసి వచ్చి ఈ పని కూడా చేస్తుంది. ఆ అలసట ఇంట్లో చిరాకుగా మారుతుంది, ఆ చిరాకు ముసలివాళ్ళకు తగులుతుంది. ఇందులో అత్తదీ తప్పు లేదు, కోడలిదీ తప్పు లేదు. ఇద్దరినీ ఒక ఇరుకులో పెట్టి కొట్లాడుకోమన్న ఏర్పాటుది తప్పు.

మూడో వాదన బలమైనది. "ఆశ్రమాల గతి చూశారా? తిండి లేదు, శుభ్రత లేదు, గేటుకు తాళం. అక్కడికి పంపుతారా?" అలాంటి చోట్లు ఉన్నాయి, వాటిని తనిఖీ చేసి బాగుచేయాలి, బాగుపడకపోతే మూయించాలి. కానీ అవి ఎందుకలా ఉన్నాయో చూడండి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం గురించి చెబుతుంది, అందులో కనీసం 150 మందికి చోటు ఉండాలంటుంది. ఎవరికి? నిరుపేదలకు. అదీ ప్రభుత్వం కట్టవచ్చు అంటుందే తప్ప కట్టి తీరాలి అనదు. పాత రెండు జిల్లాలు 2016 అక్టోబర్ 11 తర్వాత ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అనే ఎనిమిది జిల్లాలుగా మారాయి. ఆ లెక్కన కనీసం 1,200 మందికి చోటు ఉండాలి.

నిరుపేదలకు మాత్రమే అని చట్టంలోనే రాసుకున్నప్పుడు అక్కడికి పోవడం అవమానం కాక ఏమవుతుంది? అవమానమని నలుగురూ తప్పించుకుపోయే చోటును ఎవరు పట్టించుకుంటారు? ఉపాధ్యాయుడిగా రిటైరైన మనిషి, తహసీల్ ఆఫీసు ఉద్యోగి, పదెకరాల రైతు, సింగరేణి పంపు ఆపరేటర్ కూడా ఆ గేటు లోపల ఉంటే కూర నీళ్ళలా ఉన్న రోజు అడిగే నోళ్ళు ఉంటాయి. పేదవాళ్ళకు మాత్రమే వదిలేసిన సర్కారు బడి ఏమైందో మనం చూశాం. ఆశ్రమాలు బాగుపడాలంటే అవి అందరివీ కావాలి.

నాలుగో వాదన డబ్బు గురించి. "కోయంబత్తూరులో, హైదరాబాద్‌లో కట్టే సీనియర్ లివింగ్ అపార్ట్‌మెంట్లు లక్షలు పోసి కొనగలిగినవాళ్ళకు కదా!" ఆ మాట నిజం. ఈత కొలను, క్లబ్ హౌస్ బొమ్మలు చూపి అమ్మే ఆ వ్యాపారాన్ని నేను సమర్థించడం లేదు. మంథని రైతును తీసుకెళ్ళి హైదరాబాద్ శివారు తొమ్మిదో అంతస్తులో పెట్టినా అది ఇంకో రకం ఒంటరితనమే. మనకు కావలసింది చిన్నది. కింది అంతస్తులోనే ఒక గది, వంటిల్లు, జారని బండలు, పట్టుకోవడానికి కడ్డీ ఉన్న బాత్‌రూమ్ గల ఇరవై ముప్పై ఇళ్ళు. మధ్యలో ఒక చెట్టు, అరుగు. వండుకోలేని రోజు తినడానికి ఉమ్మడి వంటశాల. వారానికోసారి వచ్చే నర్సు. పావుగంటలో చేరగల ఆస్పత్రి. మంచిర్యాల, జగిత్యాల, నిర్మల్, రామగుండం, సిరిసిల్ల, ఆసిఫాబాద్‌లలో 2022, 2023లలో సర్కారు వైద్య కళాశాలలు వచ్చాయి. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఎప్పటి నుంచో ఉంది. డెబ్బై దాటినవాళ్ళందరికీ, కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల దాకా, ఆయుష్మాన్ భారత్ వైద్య బీమా 2024 అక్టోబర్‌లో మొదలైంది. ఆస్పత్రి ఉంది, కార్డు ఉంది. ఆ ముసలిమనిషి చేయి పట్టుకుని ఆటో ఎక్కించేవాళ్ళే లేరు.

డబ్బు సంగతికి వస్తే, ఆసరా పింఛన్ 2019లో 2,016 రూపాయలు అయింది. దానితో ఒక్క మనిషి బతకడం కష్టం. ఇరవై మంది కలిస్తే ఒక వంటమనిషి, ఒక పొయ్యి, టోకున తెచ్చే సరుకులు. రేషన్ బియ్యం ఎలాగూ ఉంది. సింగరేణి కార్మికుల సంఖ్య 1990ల తొలినాళ్ళలో లక్షకు పైగా ఉండేది, ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చింది. మనుషులు తగ్గిన కాలనీల్లో ఖాళీ పడిన క్వార్టర్లు ఉన్నాయి. వాటిలో ఒక్కో ఏరియాకు రెండు మూడు వరుసలు బాగుచేసి, నామమాత్రపు కిరాయికి రిటైర్డ్ దంపతులకు జీవితకాలం ఇవ్వడం కంపెనీకి మోయలేని భారం కాదు. బొగ్గుతో ఈ రాష్ట్రానికి వెలుగిచ్చినవాళ్ళకు కంపెనీ ఆస్పత్రి పక్కన ఒక గది అడగడం దయ కోసం కాదు.

"మనవళ్ళు, మనవరాళ్ళకు దూరమైపోతారు కదా" అనేది చివరి వాదన, మనసును తాకేది. నేనూ దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ముసలివాళ్ళ ఒడి పిల్లలకు కావాలి, పిల్లల అల్లరి ముసలివాళ్ళకు కావాలి. అందుకే ఈ ఇళ్ళు ఊరికి దూరంగా కాక, పట్టణం నడిబొడ్డున, బడికీ గుడికీ మార్కెట్‌కీ దగ్గరగా ఉండాలంటున్నాను. మంచిర్యాలలో కొడుకు, మంచిర్యాలలోనే అవ్వాబాపు. ఆదివారం మనవడు సైకిలేసుకుని వస్తాడు. పండక్కి వీళ్ళు అక్కడికి పోతారు. ఒకే కప్పు కింద రోజూ ముఖాలు మాడ్చుకోవడం కన్నా, వారానికి రెండుసార్లు ఎదురుచూసి కలుసుకోవడంలో ప్రేమ ఎక్కువ నిలుస్తుంది.

ఇంట్లో బాగున్నవాళ్ళు ఇంట్లోనే ఉండాలి. కొడుకూ కోడలూ కంటికి రెప్పలా చూసుకునే ఇళ్ళు ఈ జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి, వాళ్ళకు దండం. నా పేచీ ఆ ఇళ్ళతో కాదు. ఆ ఇళ్ళను చూపించి, అలాంటి ఇల్లు లేనివాళ్ళకు ఉన్న ఒక్క దారినీ మూసేసే మాటతో. తల్లిదండ్రులను చూడని ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో కోత పెట్టే చట్టం అస్సాంలో 2017లోనే వచ్చింది. ఆ ఆలోచన మన దగ్గరికీ వచ్చింది. మంచిదే. అయితే జీతంలో డబ్బు కోసి ఇవ్వవచ్చు, సాంగత్యం కోసి ఇవ్వలేం. 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ నెలకింత ఇమ్మని ఉత్తర్వు ఇవ్వగలదు, సాయంత్రం పూట అరుగు మీద పక్కన కూర్చోమని ఉత్తర్వు ఇవ్వలేదు.

ప్రభుత్వానికి ఒక మాట. ఎనిమిది జిల్లాల్లోనూ చట్టం చెప్పిన ఆశ్రమాలను పూర్తిగా కట్టండి, వాటిని నిరుపేదలకే పరిమితం చేయకండి. చెల్లించగలిగినవాళ్ళ దగ్గర చెల్లించగలిగినంత తీసుకోండి. నడిపే సంఘంలో అక్కడ ఉండే పెద్దలకే సగం సీట్లు ఇవ్వండి. సింగరేణి యాజమాన్యానికీ కార్మిక సంఘాలకూ ఒక మాట. గుర్తింపు సంఘం ఎన్నికల్లో వారసుల ఉద్యోగాల గురించి ఎంత గట్టిగా కొట్లాడతారో, దిగిపోయిన కార్మికుడి గూడు గురించి అంత గట్టిగా ఒక్కసారి కొట్లాడండి.

కొడుకులకు, కూతుళ్ళకు ఒక మాట. "మా ఈడోళ్ళతోని ఉంటం బిడ్డా" అని అవ్వా బాపూ అడిగితే దాన్ని మీ మీద నిందగా తీసుకోకండి. వెంట వెళ్ళండి, చోటు చూడండి, వంటశాలలోకి తొంగి చూడండి, అక్కడున్నవాళ్ళతో మాట్లాడండి, ఆ తర్వాత వారం వారం పోతూ ఉండండి.

పెద్దలకు చివరి మాట. ఇల్లూ పొలమూ పిల్లల పేర రాసేముందు, మా పోషణ చూడాలన్న షరతు ఆ గిఫ్ట్ డీడ్‌లో రాయించుకోండి. ఆ షరతు ఉంటేనే 2007 చట్టం 23వ సెక్షన్ మీకు అక్కరకొస్తుంది. కష్టమొస్తే 14567కు ఫోన్ చేయండి, అది వయోవృద్ధుల కోసమే పెట్టిన నంబరు. నలుగురు ఏమనుకుంటారో అని భయపడకండి. ఆ నలుగురు మీకు రాత్రి గోలీ అందించరు, మీరు జారిపడితే లేపరు. మీ ఈడువాళ్ళ పక్కన ఉండాలనుకోవడం మీ హక్కు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.